పాటలు ఎక్కించని క్యాసెట్

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో మా ఇంట్లోకి కిరాయికి వీడియో డెక్ వచ్చింది. గిర్మాజీపేటలో మా గల్లీ పిల్లలు సినిమాలు వేస్తారనుకుని కొన్నాళ్లు గడప దగ్గర తిరిగారు. వేసేవన్నీ పెళ్లిళ్లేనని, అవి కూడా ఎవరో చుట్టాలవని తెలిశాక ఆశ వదులుకున్నారు.

నా భార్య సరోజన పోయి అప్పటికి ఒక చలికాలం గడిచింది. జబ్బులో తోడుండడానికి వచ్చిన వాళ్లమ్మ లక్ష్మీనర్సమ్మ నా దగ్గరే ఉండిపోయింది. ఆమెకు ఇంకెవరూ బిడ్డలు లేరు. మాకు పిల్లలు లేరు. బిడ్డే లేనంక అల్లునింట్ల ఏం పని అని పక్కింటి మొగిలమ్మ ఒకసారి వినపడేటట్టే అంది. "నేను పోతె బియ్యం నువ్వొచ్చి వండుతవా మొగిలమ్మా?" అని అత్తమ్మ గోడ ఇవతలి నుంచి అడిగింది. ఆ మాట మళ్లీ రాలేదు.

నిజానికి వంట ఇద్దరం చేసేవాళ్లం. పప్పులో రాళ్లు నేను ఏరేవాణ్ని, ఉప్పు ఆమె వేసేది. ఆమెకు చూపు తగ్గుతోంది. ఎండలు ముదరక ముందే కంటి డాక్టరు నన్ను పక్కకు పిలిచి, నరం ఎండిపోతోందని, వానాకాలం దాటితే వెలుగు కూడా మిగలదని చెప్పాడు. ఇంటికి వచ్చేటప్పుడు రిక్షాలో అత్తమ్మ, "ఏమన్నడో నాకు చెప్పకు అల్లుడా. నేను అడుగ," అంది.

అప్పుడు తట్టింది నాకు ఆ ఆలోచన. సరోజన ఫొటోలు ఆమె కంటికి ఎప్పుడో ఆనడం మానేశాయి. టీవీకి దగ్గరగా కూర్చుంటే మాత్రం, కదిలే బొమ్మ ఉన్నట్టు తెలుస్తుంది. అప్పటికి మా చుట్టాల్లో ఎవరింట్లో లగ్గమైనా, గృహప్రవేశమైనా వీడియో తీయించడం మొదలై కొన్నేళ్లయింది. వాటన్నిట్లో సరోజన ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆ ముక్కలన్నీ ఏరి ఒకే క్యాసెట్‌లోకి ఎక్కిస్తే, ఆ కాస్త వెలుగు ఉండగానే తల్లి చూసుకుంటుంది.

నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ని. సెలవులు ఉన్నాయి. సైకిలు మీద కాజీపేట, బస్సులో వర్ధన్నపేట తిరిగి, క్యాసెట్లు అడిగి తెచ్చాను. ఎవరూ కాదనలేదు. ఒక ఇంట్లో క్యాసెట్‌తో పాటు మామిడికాయ తొక్కు కూడా కట్టి ఇచ్చారు.

స్టేషన్ రోడ్డులో యాకయ్య వీడియో దుకాణం. మా వాళ్ల ఇళ్లలో శుభకార్యాలన్నీ తీసింది అతనే. రెండు డెక్కులు పక్కపక్కన పెట్టి వైర్లు కలిపాడు. ఒకదాంట్లో చుట్టాల క్యాసెట్ ఆడుతుంటుంది, రెండోదాంట్లో కొత్త క్యాసెట్ కాచుకుని ఉంటుంది. సరోజన కనబడగానే నేను "ఇగో" అనాలి. యాకయ్య పాజ్ బటన్ వదలాలి. ఆమె తెర దాటగానే మళ్లీ నొక్కాలి.

ఎంతసేపు చూసినా "ఇగో" అనే అవసరం తక్కువగా వచ్చింది. ఒకచోట పళ్లెం పట్టుకున్న చేయి. ఒకచోట వడ్డిస్తూ వంగిన వీపు. ఒకే ఒక్కచోట, బారసాలలో, ఎవరో పిలిస్తే ఇటు తిరిగింది.

"మేడం ఎన్నడు కెమెరా ఎదురుంగ రాలే సార్," అన్నాడు యాకయ్య. "నా పక్కపొంటి నిలవడి గామెను తియ్యి, గీమెను తియ్యి అని నన్ను తిప్పుకుంట ఉండేది. చుట్టాల్ల ఎవలు ఎవలకేమైతరో నాకెట్ల తెలుస్తది? ఆమెనే నాకు నక్షా."

ముక్కలన్నీ కలిపితే ఒక భోజనం చేసేంతసేపు కూడా రాలేదు.

ఇంట్లో అత్తమ్మను టీవీ ముందు పీట మీద కూర్చోబెట్టాను. ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా వంగింది. బొమ్మ మారినప్పుడల్లా ఆమె ముఖం మీద రంగు మారింది. "ఇప్పుడు సరోజన వస్తుంది, పళ్లెం తెస్తోంది. ఇది వీపు. ఇది కాజీపేటలో," అని నేను చెబుతూ వచ్చాను. డెక్‌లో నుంచి ఒకటే సినిమా పాటలు. ఒక పాట సగంలో తెగి ఇంకో పాట సగంలో మొదలవుతోంది.

అయిపోయాక అత్తమ్మ నా వైపు తిరిగింది.

"అల్లుడా, ఇండ్ల అది ఎక్కడ మాట్లాడ్తది?"

పెళ్లి వీడియోలకు అప్పట్లో అదే పద్ధతి. తీసినప్పటి గొంతులన్నీ చెరిపేసి, మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. అలా ఎక్కించకపోతే పని సగమే చేశాడని జనం తగాదా పడేవాళ్లు. ఆ పాటల కింద మనుషులు నోళ్లు కదుపుతూ ఉంటారు.

"మాటలు లేవత్తమ్మా. పాటలే," అన్నాను.

"మొకం నాకు యాదున్నదయ్యా," అంది ఆమె. "కండ్లు పోయినా మొకం యాడికి పోదు. గొంతే పోతాంది. పొద్దుగాల లేసి యాది జేసుకుంట, వస్తలేదు. మొగిలమ్మ గొంతొస్తది, మా అక్క గొంతొస్తది. దానిదొస్తలేదు. ఒక్కపారి ఇంటె సాలు."

మర్నాడే మళ్లీ యాకయ్య దగ్గరికి పోయాను. పాటలు ఎక్కించకముందు క్యాసెట్ ఏదైనా మిగిలి ఉందా అని అడిగాను.

"గదంత లొల్లి గద సార్. పిల్లల ఏడ్పులు, గిన్నెల సప్పుడు. ఎవలుంచుకుంటరు?"

"నాకు ఆ లొల్లే కావాలె యాకయ్యా."

అతను వేళ్ల మీద ఏవో లెక్క పెట్టుకున్నాడు. "ఒక్కటున్నది," అన్నాడు చివరికి. "కొత్తవాడ నర్సింగం సేటు బిడ్డ లగ్గం. సీజన్ల తీసిన క్యాసెట్లన్ని నేను శ్రావణంల కూసుండి పాటలెక్కిస్త. దాని వంతు రాకముందే గట్లాయె. ఎక్కియ్యనియ్యలే. ఎట్లున్నదట్లనే తీస్కపోయిండ్రు."

నర్సింగం మా అత్తమ్మకు తమ్ముడు. ఆయన కూతురు అరుణ పెళ్లి కిందటి వైశాఖంలో జరిగింది. అల్లుడు సదానందం శ్రావణంలో వర్ధన్నపేట రోడ్డు మీద లారీ కింద పడి పోయాడు. ఆ పెళ్లిలో సరోజన ఉన్నది. మార్గశిరంలో ఆమె కూడా పోయింది. ఆ ఇంట్లో ఆ క్యాసెట్ మాట ఎత్తిన వాళ్లు ఎవరూ లేరు.

ఎత్తడానికే పోయాను. నర్సింగం కాక జంపఖానా మగ్గం మీద ఉన్నాడు. నేను చెప్పింది అంతా విన్నాడు గాని చేయి ఆపలేదు.

"వద్దు కొడుకా. గది నన్నడుగకు. పిల్లకు నెక్కొండ సంబంధం మాట్లాడుతాన. పిల్లగానికి మొదటి పెండ్లం పోయింది, మంచోడు. వాళ్లొచ్చి పోతాండ్రు. గది ఇంట్ల ఉన్నదంటెనే నాకు నిద్ర వడ్తలేదు. కాలవెడ్దామని రెండుమార్లు తీసిన, చెయ్యి రాలే."

"మీ అక్క అడిగింది కాకా. బిడ్డ గొంతు ఒక్కసారి వింటనన్నది."

మగ్గం ఆగింది.

"అక్క ఎన్నడు నన్ను ఏది అడుగలే," అన్నాడు. "తీస్కపో. గని నాకు మాటియ్యి. కావలసింది తీసుకున్నంక మొత్తం తుడిచెయ్యి. తుడిచి, ఖాళీది తెచ్చి నా చేతుల వెట్టు."

మాట ఇచ్చాను.

క్యాసెట్ తెచ్చి ఇచ్చింది అరుణే. ఎక్కడ ఉందో తండ్రి చెప్పకుండానే ఆమెకు తెలుసు. నన్ను సాగనంపడానికి గల్లీ మూల దాకా వచ్చింది.

"అన్నా, వదినె మాట్లాడేటప్పుడు యాకయ్య కెమెరా ఎటుంటది?"

"మీ దిక్కే ఉంటది చెల్లె. పెళ్లి పీటల దిక్కు."

"వదినె మాటలు ఒక్కటి గూడ ఇడిచిపెట్టకు," అంది. "రేపు నేను గూడ వస్త. మేనత్తకు తోడుంటనంటె నాయిన ఏమనడు."

కొంచెం దూరం నడిచాక గాని నాకు అర్థం కాలేదు. సరోజన గొంతు ఉన్నంతసేపూ తెర మీద సదానందం ఉంటాడు. వాళ్ల నాయిన తుడిపించినా, ఆ మేరకు మిగులుతాడు.

మరునాడు తలుపు దగ్గరికి వేసి డెక్‌లో క్యాసెట్ పెట్టాను. అత్తమ్మ ఈసారి టీవీకి దగ్గరగా జరగలేదు. గోడకు ఆనుకుని, తల వంచుకుని కూర్చుంది. అరుణ ఆమె పక్కన, మోకాళ్లు దగ్గరగా ముడుచుకుని కూర్చుంది.

మొదట అంతా రొద. డోలు, సన్నాయి, గిన్నెలు, ఎవరో పిల్లవాడి ఏడుపు. తెర మీద ఉట్టి పందిరి గుంజ. ఆ తర్వాత, మా గదిలోనే ఉన్నంత దగ్గరగా:

"యాకయ్యా, గటు గాదు, గిటు. గా పసుపు చీరె ఆమె పిల్లగాని చిన్నమ్మ. ఆమెను తియ్యకుంటె అలుగుతది."

అత్తమ్మ చేయి గాలిలోకి లేచింది. ఎవరినీ తాకకుండా అక్కడే ఉండిపోయింది.

"లైటు జర దించు. పిల్ల కండ్లు మూసుకుంటాంది. అన్నం దిన్నవా నువ్వు? తినలే? బాలకిషన్ సారుకు చెప్త, పెట్టిస్తడు."

నా పేరు. ఆమె నన్ను ఎదురుగా ఎప్పుడూ పేరు పెట్టి పిలిచింది లేదు. పరాయివాళ్లతో అలా అంటుందని నాకు తెలియదు. ఆ గొంతు నేను అనుకున్నదాని కంటే కొంచెం బొంగురుగా ఉంది. అంటే అప్పటికే నాక్కూడా జారిపోయిందన్నమాట.

తెర మీద కొంగుముడి వేస్తున్నారు. సదానందం ఉత్తరీయాన్ని కొంచెం గట్టిగా లాగాడు.

"తమ్మీ, గంత గుంజకు! కొంగు చినిగితె మళ్ల నేసిచ్చేది మా మామనే."

సదానందం తల ఎత్తి, మా వైపే చూసి, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. అరుణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కెమెరా వెనక సరోజన కూడా నవ్వింది. ఆ నవ్వు నవ్వుగా ఆగలేదు. దగ్గులోకి దిగింది. పొడి దగ్గు, లోపలెక్కడో తవ్వుతున్నట్టు. తెర మీద సదానందం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఆ దగ్గు మీద ఇంకో గొంతు వచ్చింది.

"దగ్గకే. పిల్లగాని తరపోల్లు జూత్తాండ్రు. లవంగం బుగ్గల వెట్టుకో."

"ఏం గాలేదమ్మా, ఊకో."

దగ్గకే అన్న ఆ గొంతు అత్తమ్మదే. భర్త లేని మనిషి కాబట్టి పీటల ముందుకు రాకుండా, లైట్ల వెనక కూతురి పక్కన నిలబడింది. యాకయ్య కెమెరా దగ్గరగా ఉన్న మాటలన్నీ పట్టుకుంది.

అది వైశాఖం. మేము దవాఖానకు పోయింది ఆశ్వయుజం దాటాక. ముందే తీసుకురావాల్సింది అన్నారు అక్కడ. ఆమెకు ఆ దగ్గు ఎప్పుడు మొదలైందో మాకెవ్వరికీ గుర్తు లేదు. ఇప్పుడు తెలిసింది.

క్యాసెట్ నడుస్తూనే ఉంది. తలంబ్రాలు, అప్పగింతలు, సరోజన మాటలు ఇంకా ఎన్నో. అత్తమ్మ వినడం మానేసింది. చేయి ఒళ్లో పడింది.

ఆ పూట ఆమె అన్నం తినలేదు. మర్నాడూ తినలేదు. అరుణ కలిపి నోటి దాకా తెస్తే ముఖం పక్కకు తిప్పుకుంది. "లవంగం వెట్టుకొమ్మన్ననే," అంది అరుణతో. "తల్లిని నేను, లవంగం వెట్టుకొమ్మన్న."

మూడోనాడు అత్తమ్మ కొంచెం గంజి తాగాక అరుణ కొత్తవాడ వెళ్లిపోయింది. నేను క్యాసెట్ తీసుకుని యాకయ్య దగ్గరికి పోయాను. సరోజన మాట్లాడిన చోట్లన్నీ ఒక కొత్త క్యాసెట్‌లోకి ఎక్కించమన్నాను. పాటలు వద్దు. బొమ్మ ఎలా ఉంటే అలా ఉండనీ.

కొంగుముడి దగ్గరికి రాగానే యాకయ్య నా వైపు చూశాడు. అతనికీ దగ్గు వినిపించింది. అత్తమ్మ మాటా వినిపించింది.

"ఇది?"

"తీసెయ్యి," అన్నాను. "మళ్లీ వింటె అత్తమ్మ తట్టుకోలేదు."

నవ్వు దగ్గర నొక్కాడు. దగ్గు పోయింది. లవంగం మాట పోయింది. "ఏం గాలేదమ్మా, ఊకో" అనేది కూడా పోవాల్సిందే. కానీ సరోజన మాట ఒక్కటి కూడా విడిచిపెట్టొద్దని అరుణ చెప్పి ఉంది. అదీగాక నాకే చేతకాలేదు. అక్కడ మళ్లీ మొదలుపెట్టమన్నాను. నవ్వు, తెర మీద ఒక గీత, వెంటనే ఆ మాట. వినేవాళ్లకు అతుకు తెలియదులే అనుకున్నాను.

పని అయ్యాక అసలు క్యాసెట్‌ను మొదటికి తిప్పి, దాని మీద ఏమీ లేకుండా ఎక్కించాడు. ఖాళీది తీసుకుపోయి నర్సింగం కాక చేతుల్లో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తుడిచినా తుడవకపోయినా క్యాసెట్ పైకి ఒకేలా ఉంటుంది. నమ్మి లోపల పెట్టుకున్నాడు.

అప్పటిదాకా కిరాయికి తెచ్చిన డెక్ వాపసు ఇచ్చేశాను; యాకయ్య తన పాతది ఒకటి, కాలేజీ తెరిచేదాకా ఉంచుకొమ్మని ఇచ్చాడు. కిరాయి మాట నేను ఎత్తితే, "మేడం నాకు అన్నం పెట్టిచ్చింది సార్, మీరే విన్నరు గద," అన్నాడు.

కొత్త క్యాసెట్ వేస్తానంటే అత్తమ్మ మొదట వద్దంది. నేను బతిమాలి కూర్చోబెట్టాను. పసుపు చీరె ఆమె, లైటు దించడం, అన్నం తిన్నవా. ఆమె ముఖం కొంచెం కొంచెంగా విడింది. కొంగుముడి వచ్చింది. సరోజన నవ్వింది. "ఏం గాలేదమ్మా, ఊకో" అంది.

"ఆపు," అంది అత్తమ్మ.

ఆపాను.

"నవ్వి ఊకున్నదా? దగ్గేది?"

నేను డెక్ ముందు నుంచి ఆమె దగ్గరికి జరిగాను.

"నా మాటేది?"

"బాధపడుతున్నరని తీయించిన అత్తమ్మా."

"నన్ను తీసేత్తివి, మరి అది ఎవలకు చెప్తాంది, ఏం గాలేదని?" ఆమె గొంతులో కోపం లేదు. తెలియక అడుగుతున్నట్టే అడిగింది. "దగ్గు గూడ దానిదే గదయ్యా. నేనన్నదా, నేననే అన్న. ఉన్నది ఉన్నట్టు ఉండనీ. మళ్ల ఎక్కిచ్చుకరా."

తుడిచేశామని చెప్పాను. ఇక ఎక్కడా లేదని చెప్పాను. ఆమె తల అటు తిప్పుకుని గోడ వైపు పడుకుంది. ఆ రోజంతా బయట వడగాలి తలుపు తోస్తూ ఉంది.

తర్వాత కొన్నాళ్లకు తనే మళ్లీ పెట్టమంది. పెట్టాను. సరోజన నవ్వగానే, అతుకు వచ్చే చోట, అత్తమ్మ ఎవరితోనో పక్కన ఉన్నట్టు మెల్లగా అంది: "దగ్గకే. లవంగం బుగ్గల వెట్టుకో." ఆ వెంటనే డెక్‌లో నుంచి, "ఏం గాలేదమ్మా, ఊకో."

మొదటిసారి నేను ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాను. తర్వాత అలవాటైంది. ఎప్పుడు పెట్టినా ఆ చోట ఆమె తన మాట తాను అనేది. ఆ కాస్త ఖాళీలో పట్టేలా త్వరగా అనడం నేర్చుకుంది. ఆలస్యమైతే, కొంచెం వెనక్కి తిప్పమనేది. మొగిలమ్మ గోడ మీద నుంచి, "మీ అత్తకు కండ్లతోని పాటు మతి గూడ పోతాందా సారూ?" అని అడిగింది. లేదని చెప్పాను.

మృగశిర కార్తె వచ్చింది. మొదటి వాన పడిన వారంలో నెక్కొండ సంబంధం ఖాయమైంది. గుడిలో దండలు మార్చుకోవడమే, వీడియో లేదు. వెళ్లిపోయే ముందు అరుణ మేనత్తను చూడడానికి వచ్చింది. చేతులకు కొత్త గాజులు ఉన్నాయి. చాలాసేపు ఏవేవో మాట్లాడి, చివరికి, "అన్నా, ఒక్కపారి," అంది. నేను క్యాసెట్ పెట్టాను. దాన్ని నెక్కొండకు తీసుకుపోవడం కుదరదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

డాక్టరు చెప్పిన గడువు కంటే ముందే అత్తమ్మకు వెలుగు కూడా ఆనడం మానేసింది. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. అరుణ టీవీకి దగ్గరగా, ఒకప్పుడు అత్తమ్మ కూర్చున్న చోట కూర్చుంది. పసుపు చీరె, లైటు, అన్నం. ఉత్తరీయం లాగాడు సదానందం. కొంగు మాట అంది సరోజన. అతను తల ఎత్తి నవ్వాడు. అరుణ కదలలేదు.

కెమెరా వెనక సరోజన నవ్వింది. అతుకు వచ్చింది.

"దవాఖానకు పోదాం పా బిడ్డా," అంది అత్తమ్మ.

"ఏం గాలేదమ్మా, ఊకో."

నేను డెక్ దగ్గరికి పోబోయి ఆగిపోయాను. అత్తమ్మ కాసేపు అలాగే, జవాబు ఇంకా వస్తుందేమో అన్నట్టు తల ఒకపక్కకు వంచి ఉంది. తర్వాత అరుణ ఉన్న వైపు తిరిగింది.

"ఇన్నవా? ఎన్నడు ఇన్నది అది నా మాట?"